మువ్వగోపాల పదము ఏల నిలిచినది?



గోదావరి మండలములలో పుట్టి పెరిగినవారిలో నిడదవోలు జంక్షనున ఒక్కమారైనను రైలు మారనివారు తక్కువగా నుందురు. రాజమహేంద్రవరమునుండి బెజవాడకు పోవు పెద్ద దారినుండి భీమవరము, నరసాపురముల వైపు పోవు శాఖ ఇచ్చటనే చీలును. ఆ శాఖ వెంట తణుకు దాటిన పిమ్మట అత్తిలి వచ్చును. అత్తిలి చేరువను బల్లిపాడు అను గ్రామమును, ఆ గ్రామమున మదనగోపాలస్వామి దేవాలయమును కలవు. 20వ శతాబ్దపు ప్రథమార్ధమున గూడ ఆ స్వామి సన్నిధిని కలావంతుల కుటుంబములలోని స్త్రీలు గజ్జె కట్టి, గొంతెత్తి పదములు పాడి అభినయించుచుండిరి. ఆ పదములలో మేటివి క్షేత్రయ్యవి. క్షేత్రయ్య 17వ శతాబ్దమువాడు. అనగా పాట పుట్టిన నాటికిని, బల్లిపాడున గజ్జె మ్రోగిన నాటికిని నడుమ సుమారు 300 ఏండ్లు గడచినవి.

ఒక యాటపాట అంతకాల మెట్లు నిలిచినది? ఈనాటి ప్రసంగమున నేను విచారింపదలచిన ప్రశ్న ఇదియే. కావ్యము నిలుచుటలో వింత లేదు. దానిని పండితులు వ్రాసికొందురు, పాఠము చెప్పుదురు, వ్యాఖ్యానము చేయుదురు. స్తోత్రము నిలుచుటలోను వింత లేదు. దానిని నిత్యము పూజలో పఠింతురు. ఆటపాట యట్టిది కాదు. అది ఒక రాత్రి వేడుకకై పుట్టినది. దీపములు ఆరి, పందిరి విప్పి, మేళమువారు బండ్లెక్కి వెడలిపోయిన తరువాత దాని పని తీరిపోవలెను. అట్లు తీరిపోక రాజ్యములు మారినను, దొరలు మారినను, తుదకు దానిని పాడువారిపై లోకమునకు అలుక కలిగినను, ఆ పాట ఎట్లు బ్రతికినది? దీనికి సమాధానము వెదకితిమేని మన దేశచరిత్రలో పుస్తకములకెక్కని యొక భాగము బయటపడును.

మొదట మన నిడదవోలునుండియే ప్రారంభింతము. శాసనములలో నిరవద్యపురమని పిలువబడిన యీ పట్టణము చాళుక్యశాఖ యొకదానికి రాజధాని. 13వ శతాబ్దమున ఇచ్చటి చాళుక్య వీరభద్రునికి కాకతి గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమదేవి నిచ్చి వివాహము చేసెను. కావున ఓరుగంటి కొలువునకు నిడదవోలు వియ్యాలవారి యూరు. ఆ కొలువులోనే గణపతిదేవునికి గజసాహిణియైన జాయప సేనాని యుండెను. ఏనుగుల దండును నడపిన ఆ చేతులతోనే అతడు 1254 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ యను గ్రంథమును సంస్కృతమున రచించెను. ఆ గ్రంథమున ఎనిమిది యధ్యాయములు. మొదటి నాలుగు శాస్త్రసిద్ధమైన మార్గనృత్యమును గూర్చినవి. తక్కిన నాలుగు దేశినృత్యమును గూర్చినవి. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, దండరాసకము మొదలగు ప్రజల యాటలను అతడు శాస్త్రముతో సమానముగా కూర్చుండబెట్టి వర్ణించెను.

ఈ విషయమునందు మనము గమనింపదగినది యొకటి కలదు. జనులు ఆడుకొను ఆట గ్రంథరచనకు తగినదే యని 13వ శతాబ్దపు సేనాపతి తలచెను. సగము గ్రంథమును దానికే కేటాయించెను. ఆటపాటను గౌరవింపవలెనా వలదా యను వివాదము మనకు పిదపకాలమున వచ్చినదే కాని, ఆది నుండి యున్నది కాదు. పాలంపేట రామప్పగుడి నాట్యశిల్పములను చూచినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ స్థానముగా గుర్తింపు లభించినది.

ఇక క్షేత్రయ్య కథ. కృష్ణామండలమున కూచిపూడికి చేరువనే మువ్వ యను గ్రామము కలదు. ఇప్పుడు మొవ్వ యందురు. ఆ యూరి గోపాలస్వామి పేరే అతని పదములకు ముద్ర. అతడు వరదయ్య యను పేరితో పుట్టెననియు, పుణ్యక్షేత్రములు తిరుగుటచే క్షేత్రయ్య యైనాడనియు పెద్దలు చెప్పుదురు. అతని కాలమున తెలుగు పాటకు తెలుగునేలకంటె దక్షిణదేశముననే ఎక్కువ ఆదరము. మధురలో తిరుమల నాయకుడు, తంజావూరులో విజయరాఘవ నాయకుడు, గోలకొండలో పాదుషా — ఈ మూడు కొలువులలోను తాను పాడినట్లు క్షేత్రయ్య ఒక పదమున చెప్పుకొన్నాడు. దానిని మేరువ పదమందురు. ఆ పదములోని లెక్కను బట్టి చూచినచో అతడు కట్టిన పదములు నాలుగు వేలకు మించవలెను. నేడు మనకు దొరకుచున్నవి మూడువందల పైచిలుకు మాత్రమే.

నాలుగు వేలు ఏమైనవి, మూడువందలు ఏల మిగిలినవి అను ప్రశ్నను కొంచెము సేపు అట్లే యుంచి, పదమనగా నేమో చూతము. పదమునకు పల్లవి, అనుపల్లవి, సామాన్యముగా మూడు చరణములు ఉండును. నడక మిక్కిలి నెమ్మది. రాగము దానికి ప్రాణము. ముఖారి, ఆహిరి, భైరవి, కాంభోజి, సురటి, ఘంటా — ఇట్టి నిండైన రాగములలో పదములు ఎక్కువ. మాట మాత్రము ఇంటిలో ఆడువారు మాటలాడుకొను మాటయే. సమాసములు లేవు, నిఘంటువు తెరువనక్కరలేదు. ఒక నాయిక తన చెలితోనో, ప్రియునితోనో, లేక తనలో తానో మాటలాడుకొనుచుండును. ఆ ప్రియుడు మువ్వగోపాలుడు. అతడు దేవుడా, రాజా, పొరుగింటి పురుషుడా యనునది పాట తేల్చి చెప్పదు. భక్తుడు విన్నచో భక్తుని కొకటి వినబడును, రసికుడు విన్నచో రసికుని కొకటి వినబడును.

ఇట్టి పాట పాడుట ఒక పని, అభినయించుట మరియొక పని. గోదావరి సీమ కలావంతులు రెండింటిని తామే చేసెడివారు. తామే పాడుచు, అప్పుడప్పుడు చాపపై కూర్చుండియే, మోముతోను చేతులతోను అర్థము చెప్పెడివారు. ఒక్క పంక్తిని పదిమారులు పాడుదురు. పదిమారులును అర్థము వేరు. దీనిని వివరించుటకు నేనే యొక చిన్నమాట కల్పించి చెప్పుదును. ‘వచ్చినాడా?’ అను మాటను తీసికొనుడు. ఎదురుచూచి కన్నులు కాయలు కాచిన యువతి ఆశతో అడిగిన ‘వచ్చినాడా?’ ఒకటి. ఇరుగుపొరుగు వినకుండ చెలి చెవిలో అడిగినది మరియొకటి. తెల్లవారినాక వాడు గుమ్మమున నిలిచినప్పుడు వానివైపు చూడకయే పరిహాసముగా అడిగినది వేరొకటి. తుదిమారు అడిగినప్పుడు ఆ మాటలో ప్రశ్నయే యుండదు. అది నిట్టూర్పు మాత్రమే. మాట ఒక్కటే. దానిలోని జీవితము మాత్రము పదివిధములు. మన ఆలంకారికులు స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక అని నాయికలను ఎనమండుగురిగా విభజించిరి. పుస్తకములో ఇవి ఎనిమిది పేరులు. పదములో వీరు ఎనమండుగురు ప్రాణమున్న స్త్రీలు.

పదము నిలుచుటకు మొదటి కారణము ఇచ్చట దొరకుచున్నది. అది ముగిసిపోయిన వస్తువు కాదు. కవి దానిని సగము కట్టి విడిచినాడు; తక్కిన సగమును పాడు మనిషి ప్రతిరాత్రియు క్రొత్తగా పూర్తి చేయవలెను. అందుచేత అది పాతబడుటకు వీలు లేకపోయినది. పాడునామె వయసుతో దాని యర్థము పెరిగినది. ఇరువది యేండ్ల ప్రాయమున పాడిన పదమునే అరువది యేండ్ల ప్రాయమున పాడినప్పుడు ఆమెకు అందులో మునుపు కానరానిది కానవచ్చెడిది. వినువారికిని అంతే.

రెండవ కారణము చెప్పుటకు మరియొక మహాకవిని తలచుకొనవలెను. తాళ్లపాక అన్నమాచార్యుడు 15వ శతాబ్దమువాడు, 1503లో పరమపదించెను. అతని సంకీర్తనలను వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల దేవాలయములోని భాండారమున భద్రపరచిరి. సుమారు 14,000 సంకీర్తనలు అట్లు నిలిచినవి. రాగి చెడలేదు, అక్షరము చెరగలేదు, రాగముల పేరులు సైతము దానిపై నున్నవి. అయినను కొన్ని శతాబ్దములపాటు లోకము ఆ పాటలను మరచినది. 20వ శతాబ్దమున రేకులు మరల వెలుగు చూచినప్పుడు పాఠము దొరకినది కాని, పాత వరుసలు దొరకలేదు. పండితులు క్రొత్తగా స్వరపరుపవలసివచ్చినది. క్షేత్రయ్యకు రాగిరేకు లేదు, భాండారము లేదు. అతని నాలుగు వేల పదములలో అధికభాగము నశించినవి. కాని మిగిలిన మూడువందలలో పెక్కింటికి వరుస నిలిచినది, నడక నిలిచినది, ఏ మాటకడ కనుబొమ్మ ఎగురవేయవలెనో అదియు నిలిచినది. రాగి అక్షరమును కాపాడినది. నాలుక పాటను కాపాడినది.

ఆ నాలుక ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మన సభలు చాలకాలము సంకోచించినవి. తల్లి కూతునకు, మేనత్త మేనకోడలికి, ముదుసలి మనుమరాలికి నేర్పిరి. వారిని దక్షిణాదిని దేవదాసీలనిరి, మనసీమలో కలావంతులనిరి, భోగమువారనిరి, సానులనిరి. తెలుగుసీమలో అక్షరజ్ఞానము గల స్త్రీలు అరుదైన దినములలో వారు చదువను వ్రాయను నేర్చినవారు. సంస్కృతశ్లోకములు, అమరము, సంగీతము వారి చదువులోనివి. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి అధ్యాత్మరామాయణ కీర్తనలను, భామాకలాపమును, గొల్లకలాపమును, పదములను, జావళీలను వారు ఒక్క గొంతులో నిలుపుకొనిరి.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత మనసీమ మారినది. కాలువలు త్రవ్వబడినవి, వరి పండినది, ధాన్యముతో నిండిన పడవలు నిడదవోలు మీదుగా సాగినవి. ధనము చేరిన చోట వేడుక చేరును. జమీందారుల యిండ్లలోనే గాక మోతుబరి రైతుల యిండ్ల పెండ్లిండ్లలో గూడ మేజువాణి యుండుట మర్యాద యైనది. మండపేట, మురమండ, ముమ్మిడివరము, బల్లిపాడు మొదలగు గ్రామములనుండి మేళములు పిలిపింపబడెడివి. పదమునకు కొలువుకూటములు పోయినను పెండ్లిపందిళ్లు దొరకినవి. తంజావూరు నాయకరాజుల రాజ్యము 1673లో అంతరించినను వారి పాట అంతరింపక పోవుటకు, ఆనకట్ట నీరు కొంత కారణమనిన ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇచ్చట చరిత్రకారుడు ఒక చేదు సత్యమును దాచరాదు. పాట అందమైనది, పాడినవారి బ్రతుకు అన్నివేళల అందమైనది కాదు. బాలికలను వారి యిష్టమడుగక దేవునికి అర్పించుట, పిదప ధనికుని యాశ్రయమున విడుచుట అను ఆచారము అన్యాయమే. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముపంతులు (1848–1919) మేజువాణీలను తీవ్రముగా ఖండించెను. మదరాసు శాసనసభలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి 1927 మొదలు ఈ విషయమై పోరాడెను. ఆమె కృషివలన 1929లో దేవదాసీల మాన్యములు సేవాబాధ్యతనుండి విడదీయబడెను. 1947లో బాలికలను దేవునికి అర్పించుటయే నేరమని శాసనము వచ్చెను. 1956లో మన ఆంధ్రరాష్ట్రమున జరిగిన సవరణచే ఆ కుటుంబముల స్త్రీలు పెండ్లిండ్లు మొదలగు శుభకార్యములలో ఆడుట కూడ నిషేధింపబడెను.

బాలికను రక్షించుట ధర్మమే. దానిని గూర్చి రెండవ మాట లేదు. కాని జరిగినది అంతమాత్రమే కాదు. ఆచారముతోపాటు విద్యయు నేరమైనది. పాట నేర్చిన ముదుసలి స్త్రీలు తలుపులు మూసికొని, పిల్లలు నిద్రించిన తరువాత, మెల్లగా పాడుకొనిరి. గజ్జెలు పెట్టెలలోనికి పోయినవి. కూతుండ్రకు పాట నేర్పక బడికి పంపిరి. అట్లు పంపుట మంచిదే. కాని ఆ బడిలో ఆ పిల్లలకు తల్లి పాటను గూర్చి సిగ్గుపడుట నేర్పబడెను. ఆ స్త్రీల జ్ఞాపకములను గోదావరిసీమలో తిరిగి సేకరించి దవేశ్ సోనేజీ యను పండితుడు 2012లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. మన యూళ్ల కథను చెప్పుటకు దూరదేశమునుండి పండితుడు రావలసివచ్చినది.

నిషేధకాలమున పదము పూర్తిగా చావకుండుటకు ముఖ్యముగా మూడు చేతులు అడ్డుపడినవి. మొదటిది ముద్రణాలయము. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనిదే. అందు క్షేత్రయ్య పదములు కొన్ని స్వరములతో సహా అచ్చుపడినవి. భౌతికశాస్త్ర ఆచార్యులైన విస్సా అప్పారావుగారు పదములను సేకరించి పరిష్కరింపగా రాజమహేంద్రవరమునుండి 1950లో గ్రంథము వెలువడినది. రెండవది చెన్నపట్టణములోని వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబము. ఆ యింటి భాష తమిళము. అయినను తెలుగు పదమునకు వారి యిల్లు పుట్టినిల్లు వంటిదైనది. ఆమె మనుమరాండ్రు బృందయు ముక్తయు పదములను పాడి నిలిపిరి. మరియొక మనుమరాలు బాలసరస్వతి (1918–1984) అభినయించి నిలిపెను. ఆమె 1962లో అమెరికాకు పోయి అచ్చటి రంగస్థలమున ఆడినప్పుడు తెలుగు తెలియని ప్రేక్షకులు ఆమె మోమునందే అర్థమును చదువుకొనిరి.

మూడవ చేయి రేడియోది. ఇచ్చట మరల మన నిడదవోలు వచ్చుచున్నది. వేంకట పార్వతీశకవులలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావుగారి కుమారుడు రజనీకాంతరావు 1920లో ఈ యూరనే జన్మించెను. 1941లో మదరాసు రేడియోలో చేరి, స్వాతంత్ర్యము వచ్చిన 1947 ఆగస్టు 15 నాడు తెలుగువారు విన్న ‘మాదీ స్వతంత్ర దేశం’ అను పాటను కట్టినవా డాతడే. విజయవాడలో రేడియోకేంద్రము 1948లో నెలకొన్నది. పిమ్మట ఆ కేంద్రమున ఉదయవేళ ప్రసారమైన భక్తిరంజనిని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. పాటలు కట్టుటతో తృప్తి చెందక, పాటలు కట్టినవారి చరిత్రను సైతము ఆయన వ్రాసెను. 1958లో వెలువడిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ఆయన 2018లో కీర్తిశేషుడైనాడు. నిడదవోలు కోటలో వీరభద్రుడు నివసించిన చోటు నేడు చూపుట కష్టము. కాని ఈ యూరు కన్న బిడ్డ వ్రాసిన పాటల చరిత్ర మాత్రము గ్రంథాలయములలో చేతికందునట్లే యున్నది.

ఆటపాటను తృణీకరించుటయు, అది తృణీకారమును దాటి బ్రతుకుటయు మన దేశమునకే చెందిన ముచ్చట కాదు. 1970ల దశకమున అమెరికా పట్టణములలో రాత్రివేళ జనులు గుమిగూడి ఆడుకొనుటకు డిస్కో యను సంగీతము పుట్టినది. దాని నీడ 1980ల దశకమున మన తెలుగు సినిమాలపై గూడ పడెనని మీకు తెలియును. అచ్చటి పెద్దలు కొందరు అది సంగీతమే కాదనిరి. 1979 జూలై 12న చికాగో నగరమున ఒక క్రీడారంగస్థలమున డిస్కో రికార్డులను కుప్పవేసి మందుపెట్టి పేల్చిరి. అయినను ఆ కాలపు పాటలు కొన్ని చావలేదు. గ్లోరియా గేనార్ అను గాయని 1978లో పాడిన పాట యొకటి కలదు. విడిచిపోయిన పురుషుడు మరల తలుపు తట్టగా, నీవు లేకయే నేను బ్రతుక నేర్చితినని చెప్పి ఆమె వానిని వెనుకకు పంపును. 2016లో ఆ దేశపు జాతీయ గ్రంథాలయము ఆ పాటను శాశ్వతముగా భద్రపరుపదగిన వానిలో చేర్చినది.

ఆ నాయిక ఎవరు? మన ఆలంకారికు లామెను తడుముకొనకయే గుర్తింతురు: ఆమె ఖండితకు చెల్లెలు. తెల్లవారినాక గుమ్మమున నిలిచిన మువ్వగోపాలునికి తలుపు తీయని స్త్రీకిని, చికాగోలో రికార్డులు పేలిన యేటి ఆ స్త్రీకిని నడుమ మూడు శతాబ్దములును, సముద్రములును ఉన్నవి. దుఃఖమొకటే; తల యెత్తుట ఒకటే. రెండును ఆటకై పుట్టిన పాటలే. రెండింటిని పెద్దలు తక్కువగా చూచిరి. రెండింటిలోను ఒక స్త్రీ తన గొంతుతో తన మాట చెప్పుకొన్నది. ఇంటిలో చెప్పుకొన వీలులేని మాటను పాటలో చెప్పుకొనవచ్చును. వినువారు తమ మాటను అందులో కలిపికొనవచ్చును.

కాగా మన ప్రశ్నకు సమాధానమును ఇట్లు కూర్చుకొనవచ్చును. పదము వాడుకమాటలో పుట్టినది గనుక ఎవరికిని దూరము కాలేదు. పాడువారికి పని మిగిల్చినది గనుక పాతబడలేదు. దేవుని పేరను మనుష్యుని బ్రతుకును చెప్పినది గనుక గుడిలోను పందిరిలోను చెల్లినది. అన్నింటికి మించి, దానిని కాపాడినవారు దానిని ఆస్తిగ గాక బ్రతుకుగ కాపాడిరి. మాన్యము పోయినను, పందిరి పోయినను, పరువు పోయినను వారు పాటను విడువలేదు. పాట నిలిచినదని మనము సులువుగా చెప్పుచున్నాము. నిజమునకు కొందరు స్త్రీలు తాము పడి దానిని నిలిపిరి.

మనము వారికి ఏమిచ్చితిమి? క్షేత్రయ్యకు విగ్రహములు పెట్టితిమి, 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారితో ‘మహాకవి క్షేత్రయ్య’ యను చలనచిత్రము తీసితిమి. కవిని గౌరవించుట న్యాయమే. నటరాజ రామకృష్ణగారు (1923–2011) ఊరూర తిరిగి వృద్ధ కళావతులను వెదకి, వారిని వేదికనెక్కించి, వారి విద్యకు ఆంధ్రనాట్యమను పేరు పెట్టి క్రొత్తతరమునకు నేర్పించిరి. బల్లిపాడు సరిదె మాణిక్యమ్మగారివంటివారు ముదిమిలో శిష్యురాండ్రకు అభినయము నేర్పిరి. ఇట్టివి చేసిన మహనీయులకు నమస్కారము. కాని తక్కినవారి పేరులు ఎన్ని మనకు తెలియును? పదమునకు కవి పేరున్నది, రాగము పేరున్నది, మువ్వగోపాలుని ముద్ర యున్నది. మోసికొని వచ్చినవారి ముద్ర లేదు.

గ్రామపెద్దలైన శ్రోతలకు ఈ సందర్భమున ఒక మనవి. బాల్యమున పెండ్లిపందిరిలో తాతగారి ప్రక్కన కూర్చుండి మేజువాణి చూచినవారు మీలో ఎవరైన నుండవచ్చును. లేక చూచినవారినోట విని యుండవచ్చును. ఆ జ్ఞాపకమును సిగ్గుపడి మ్రింగివేయకుడు. ఏ యూరి మేళము వచ్చెనో, ఏ పాట పాడిరో, ఏ రాగమని చెప్పిరో, మృదంగము ఎవరు వాయించిరో తలచుకొని ఒక కాగితముపై వ్రాసి పెట్టుడు. మీ గ్రామమున పదము తెలిసిన ముదుసలి యెవరైన నున్నచో ఆమె ఇంటికి మర్యాదతో పోవుడు. ఆమె గత మేమని అడుగకుడు. పాట యేమని అడుగుడు. ఆమె పాడెద ననినచో ఆమె యనుమతితో నమోదు చేసి ఉంచుడు. ఈ దినములలో ప్రతి చేతిలోను గొంతును పట్టియుంచు సాధన మున్నది. క్షేత్రయ్య కాలమున అది లేదు. ఆమె పాడ ననినచో నమస్కరించి తిరిగిరండు. ఆ మౌనమునకును కారణ మున్నది. ఆ కారణములో మన పెద్దల పాలు కొంత కలదు.

వియ్యాలవారి కొలువులో జాయప సేనాని ప్రజల యాటకు సగము గ్రంథము నిచ్చెను. ఏడు శతాబ్దముల తరువాత ఈ యూరి రజనీకాంతరావు పాటకవుల చరిత్ర వ్రాసెను. ఆ రెండు గ్రంథముల నడుమ వ్రాయబడని యొక గ్రంథము కలదు. అది ఈ డెల్టా గ్రామములలో ముదుసలుల జ్ఞాపకములలో చెదరి యున్నది; ఒక్కొక్క దీపము ఆరినప్పుడు ఒక్కొక్క పత్రము పోవుచున్నది. నాలుగు వేల పదములలో మూడువందలు మిగిలిన కథ మనము వింటిమి. మిగిలిన ఆ మూడువందలకు వెనుక నున్న గొంతులనైనను గుర్తుంచుకొనుట మన చేతిలోని పని.